సునంద అతికిన పోగులు

మా తోడికోడలు సునంద కళ్ళకు తొమ్మిది పవరు ఉండేది. అద్దాలు తీస్తే ఎదురుగా నిలబడింది మనిషో దూడో తెలిసేది కాదు. ఒకసారి ఆదోని బస్టాండులో అద్దాలు తుడుచుకుంటూనే, ఎమ్మిగనూరు బస్సనుకుని ఆస్పరి బస్సెక్కి, ఊరు దాటాక ఏడుస్తూ దిగింది. ఆ కథ వీధంతా చెప్పి నవ్వించాను. ఇప్పుడు ఆ కథతో ఎవరినీ నవ్వించడం లేదు.

అదే సునంద అద్దాలు పక్కన పెట్టి మగ్గం ముందు కూర్చుంటే ఎమ్మిగనూరులో సాటి లేదు. నిలువుపోగుల కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను మగ్గం మీద మిగిలిన పాత పోగులకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. అచ్చు అతకడం అంటాం. ఒక పడుగుకు నాలుగైదు వేల పోగులు. వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని, ముక్కుకు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని, నల్లపోగైనా సరే అతికేసేది. తిరగేసి వెతికినా అతుకు దొరికేది కాదు. ఆ పని నేర్పింది నేనే. నేర్చుకుని నన్ను మించింది. ఆ మాట మాత్రం దాని ముందు ఎన్నడూ అనలేదు.

పోయిన ఏడు దాని కూతురు సునీత ఆదోనిలో బట్టలషాపులో పనికి కుదిరి, కర్నూలు పోయి లేజరు చేయించుకుంది. ఆ పిల్లది మూడే పవరు. రెండోరోజుకల్లా ఎదురింటి గోడమీద చీమలు లెక్కపెట్టింది.

"మాయమ్మకు గూడా సేపిద్దాం పెద్దమ్మా" అంది.

సునంద గునిసింది. "నాకెందుకే? నా కండ్లు నాకు బాగనే ఉండాయి."

"ఏం బాగుండాయి? మల్లా ఆస్పరి బస్సెక్కుతావా?" అన్నాను. అంతే, బయలుదేరింది. నా నోటికి జంకనివాళ్ళు మా ఇంట్లో లేరు.

తోడు పోయింది నేనే. డాక్టరు మంచివాడు, ఏదీ దాచలేదు. "మీ పాపది చిన్న పవరు, చిన్న వయసు. నీది పెద్ద పవరమ్మా, పైగా నలభై ఏడేళ్ళు. అంతా పోదు, ఒకటో ఒకటిన్నరో మిగలొచ్చు. దీపాల చుట్టూ వెలుగు చెదిరినట్లుంటుంది, కళ్ళు పొడిబారతాయి. చదువుకోడానికి మాత్రం అద్దాలు పెట్టుకోవాలి."

"మాకు సదువుతో ఏం పని సార్? నేను రెండో తరగతి, దీనికి అదీ లేదు" అన్నాను. సునంద కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరూ నవ్వాడు. ఏం పని చేస్తుందని ఆయన అడిగితే "ఇంట్లోనే ఉంటాది సార్" అని చెప్పిందీ నేనే. అచ్చు అతకడాన్ని మా ఇళ్ళలో పని అని ఎవరన్నారు కనక? మగ్గం మగవాడి పని, అతుకు ఆడదాని తీరిక.

ఆపరేషన్ అయ్యాక తిరిగొచ్చే బస్సులో సునంద కిటికీ వదల్లేదు. "అక్కా, అద్దో, ఆ పత్తిసేన్లో ఆడోళ్ళు! పదకొండు మంది!" తర్వాత నావైపు తిరిగింది. "నీ మొగంమీద ఇన్ని ముడతలుండాయా?"

"ఇయ్యి సూసేదానికేనా నీకు కండ్లు తెప్పిచ్చింది?" అని కసిరాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు వారాలకు మా వీధి మద్దిలేటి ఇంటికి కొత్త పడుగు వచ్చింది. సునంద కూర్చుని, లేని అద్దాలు తీయబోయి ముక్కు తడుముకుంది. పోగును ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఆగింది. కాస్త దూరం జరిపింది. మళ్ళీ దగ్గరికి తెచ్చింది.

"ఏమైందే?"

"పోగు లేదక్కా."

"కండ్ల ముందరే ఉంది గదా!"

"దగ్గరికి తెచ్చేకొద్దీ పారిపోతాంది."

మళ్ళీ కర్నూలు పోయాం. డాక్టరు అన్నీ చూసి, ఆపరేషన్ బాగానే కుదిరిందన్నాడు. అద్దాలు తీస్తే ముక్కు దగ్గరి పోగు అంత బాగా కనిపించింది ఆ పెద్ద పవరు వల్లనేనట. దాన్నే తీయించుకున్నాం. "ఈ పని సంగతి ముందే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. సునంద నావైపు చూడలేదు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

అద్దాలు వదిలించుకోడానికి పోయి అద్దాలతో వచ్చాం. అవి బియ్యంలో రాళ్ళేరడానికి పనికొచ్చాయి, పోగుకు చాలలేదు. ఇంకా గట్టివి తెస్తే తల తిరిగింది. నూలు దుమ్ముకు కళ్ళు మండి గంటకొకసారి చుక్కలు వేసుకునేది. ఆ పడుగు అతకడానికి నాలుగు రోజులు పట్టింది, నేతలో సగం అతుకులు తెగిపోయాయి. మద్దిలేటి పల్లెత్తు మాట అనలేదు. తర్వాతి పడుగుకు మాత్రం పక్కవీధి సావిత్రమ్మను పిలిపించుకున్నాడు.

"అంతా నావల్లనే అమ్మా" అని సునీత ఏడ్చింది.

"నీవల్ల కాదులే" అంది సునంద. ఎవరివల్లో చెప్పలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు గడపమీద కూర్చుంటుంది. వీధి మలుపులో మనిషి నాకు కనిపించక ముందే చెబుతుంది: "సావిత్రమ్మ వస్తాందక్కా, మద్దిలేటన్న ఇంటికి." బొటనవేలూ చూపుడువేలూ వట్టి గాలినే మెలిపెడుతుంటాయి.

మొన్న నా పెట్టెలోంచి, ఆపరేషన్‌కు ముందు సునంద చివరగా అతికిన పడుగులో నేసిన చీర తీశాను. తిరగేసి మరగేసి వెతికాను, అతుకు దొరకలేదు. నన్ను మించినావని ఇప్పుడన్నా చెబుదామనే పిలిచాను. తీరా అది వచ్చాక, "దీంట్లో అతుకు యాడుందో సూపీయే" అన్నాను.

చీర అందుకుని, చెయ్యంత దూరం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాకూ కనపల్లేదక్కా" అంది.