నర్సు టీచరు చాపిన చెయ్యి

ఆ రోజుల్లో టీచరన్నాక భయమనేది ఉండకూడదని నేను గట్టిగా నమ్మేదాన్ని. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో, నర్సింగు పిల్లలకు వార్డులో పని నేర్పే ఉద్యోగంలో అప్పుడే చేరినాను. వాళ్ళకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే; గొంతు మాత్రం నలభై ఏళ్ళ మనిషిది (అద్దం ముందు సాధన చేసిన గొంతు). నా పిల్లల్లో ఒకదాన్ని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. చదువులో ముందు, సూది పట్టుకుంటే మాత్రం ఒకటే వణుకు. అప్పటికే రెండుసార్లు రోగి దాకా పోయి వెనక్కి వచ్చేసింది. "రేపు కూడా వెయ్యకపోతే వాళ్ళ నాయన్ను పిలిపించి ఇంటికి పంపించేస్తా" అని నర్సులందరికీ పెద్దయిన మేట్రనమ్మ తేల్చి చెప్పింది. ఆ మాట చేరవేస్తే పిచ్చుక ఏడవలేదు. "ఇంటికి పోతే మళ్ళా చదివించరు మేడం" అని మాత్రం అనింది.

మరునాడు మేట్రనమ్మ వార్డు ఆ చివర రౌండ్సు మొదలుపెట్టింది, మేము ఈ చివర. మంచం మీద ఐరాల నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి. కాలికి పుండు, పెన్సిలిన్ వెయ్యాలి. పిచ్చుక చేతిలో గాజు సిరంజి ఊగుతుంటే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎట్ల వణకతా ఉండాదో సూడమ్మా! ముందు నువ్వు పొడిపించుకో, ఆనక నాకు" అన్నాడు నాతో.

మేట్రనమ్మ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. "దానికేమప్పా!" అనేసినాను. (చిన్నప్పుడు టీకాల మనిషిని చూసి గడ్డివాములో దూరినదాన్నని అక్కడెవరికీ తెలియదు.) వేరే సిరంజిలో బి-కాంప్లెక్సు తీయించి చెయ్యి చాపినాను. "స్పిరిటు రుద్దు. చర్మం బిగబట్టు. ఆలోచించొద్దు, వెయ్యి." ఆ పాఠం ఆమెకు చెబుతున్నానో నాకే చెప్పుకుంటున్నానో! సూది దిగింది. చక్కగా దిగింది. "బాగా..." వరకే అన్నట్టు గుర్తు.

కళ్ళు తెరిచేసరికి ఆయన మంచం మీద నేను, స్టూలు మీద ఆయన, తువ్వాలుతో విసురుతా ఉన్నాడు. నా కాళ్ళ కింద దిండ్లు. పిచ్చుక నాడి చూస్తోంది. ఎదురుగా మేట్రనమ్మ.

"ఏమిటిది?"

నేను లేవబోయినాను. ఆయనే అందుకున్నాడు. "ఏం లేదమ్మా. మనిషి పడిపోతే ఏం జెయ్యాల్నో మీ టీచరమ్మ పిల్లకు సూపిస్తా ఉండాది."

మేట్రనమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఈయనకు సూది?"

"మేడం నాడి బాగుందని చూసుకోని, వేసేసినాను" అనింది పిచ్చుక. ఆయన చొక్కా చెయ్యి మడిచి దూది చూపించినాడు. మేట్రనమ్మ పక్క మంచానికి పోయింది. పోతూ పోతూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చెయ్యి వణకలేదా?" అని గుసగుసగా అడిగినాను.

"మీరట్ల పడిపోతే, ఇంక వణికేదానికి తీరిక యాడుంది మేడం?"

ఆ తర్వాత ఎందరికో సూది వెయ్యడం నేర్పినాను. చెయ్యి మాత్రం మళ్ళీ చాపలేదు. ఇప్పుడు ఆనాటి నేను, ఆ చిన్న టీచరు, తలపుకొస్తే, ఆ మంచం పక్కన కూర్చుని, కుచ్చిళ్ళు సర్ది, "కాసేపు పడుకోమ్మా, వార్డు యాడికీ పోదు" అనాలనిపిస్తుంది.