తాత తుపాకి మసి

దీపావళి మర్నాడు తెల్లవారగానే వాన పడింది. ఖానాపురం హవేలిలో మా గేటు ముందు, ఎదురింటి పిల్లలు కాల్చి పారేసిన టపాకాయల కాగితాలూ, చిచ్చుబుడ్ల చిప్పలూ నానిపోయి నల్లటి రసం కారుతున్నాయి. చీపురు పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, కుళ్ళిన కోడిగుడ్డును పొయ్యిలో కాల్చినట్టుండే ఆ కంపు ముక్కుకు తగిలింది. గేటు పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన బండి తుడుచుకుంటూ, "పటాకుల వాసనకే గిట్లనా" అని నవ్వాడు. ఆయనకేం తెలుసు? నా మటుకు నాకు అది మా తాత తుపాకి కడిగిన నీళ్ళ వాసన.

ఏన్కూరు దాటి లోపలికి పోతే, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది మా ఊరు. వానాకాలం వచ్చిందంటే మక్కచేల మీదికి అడవిపందులు దిగేవి. మంచె మీద తడిసిన గొంగడి వాసన, నిప్పుల మీద చిటపటలాడే మక్కకంకుల వాసన, తాత చుట్టపొగ అన్నీ కలిసిపోయి ఉండేవి. మా నాన్నను కన్న ఆ తాతకు సర్కారు లైసెన్సుతో ఒక నాటు తుపాకి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, వెనక ఉన్న చిన్న ముక్కు మీద నిప్పు పుట్టించే రాగి టోపీ పెట్టి పేల్చేవాడు. పందిని ఎన్నడైనా కొట్టాడో లేదో దేవుడికెరుక, చప్పుడు మాత్రం ఊరంతా వినిపించేది. పేల్చిన ప్రతిసారీ గొట్టం లోపల మసి ఒక పొర పేరుకునేది. వాన తేమకు చెమ్మగిల్లి, మళ్ళీ పేల్చిన వేడికి ఎండి, దసరా నాటికి అది అడుగంటిన అన్నం మాడులా గట్టిపడేది.

దసరా నాడు ఆ తుపాకికి పూజ చేసి, జమ్మి దగ్గర ఊరందరి ముందు తాత ఒక్కసారి పేల్చడం మా ఇంటి ఆనవాయితీ. పేలకపోతే పరువు పోయినట్టే. అందుకని పండుగకు ముందు దాన్ని కడగాలి, కడిగేది మా అమ్మ. నాలుగు రోజులు ముందే కడిగిపెడితే తాత పందుల కోసమని మళ్ళీ పేల్చేవాడు కాబట్టి, ఆ పని ఏటా సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే పడేది. వాకిట్లో మా మేనత్తలు గునుగు, తంగేడు పూలు కుప్పలు పోసుకుని నవ్వుకుంటూ బతుకమ్మను పేరుస్తుంటే, పెరట్లో పెంటకుప్ప పక్కన అమ్మ మసిలే నీళ్ళు గొట్టంలో పోస్తుండేది. కింద సన్నటి బెజ్జంలోంచి నల్లటి జిగట కారేది. ఇనుప కడ్డీకి పాతగుడ్డ చుట్టి దోపి లాగితే చీమిడిలా సాగేది. అడుగున పట్టిన పెచ్చు ఎన్ని నీళ్ళకూ కదలకపోతే కిరసనాయిలు పోసి నానబెట్టి, గీకి, మళ్ళీ నీళ్ళు కాచేది. టోపీ పెట్టే ముక్కును విప్పి, దాని బెజ్జంలో సూదితో కుళ్ళగించేది. కొంగు ముక్కుకు చుట్టుకునీ వాంతి చేసుకున్న రోజులున్నాయి.

ఎంత తోమినా గోళ్ళలో మసి పోయేది కాదు. "ఆ కంపు చేతులు సత్తుపిండిల పెట్టకు" అని నాయనమ్మ అమ్మను బతుకమ్మకు పెట్టే సద్దులు కలపనిచ్చేది కాదు. సరే, పోనీ అనుకుందాం. దసరా నాడు పసుపు కుంకుమ పెట్టుకుని కూర్చున్న అదే తుపాకి దగ్గరికి అమ్మ వస్తే, "ఆయుధాన్ని ఆడది ముట్టద్దు" అని తాత అదిలించేవాడు. ఆ మాట తలుచుకుంటే మసి కంటే ఎక్కువ రోత పుడుతుంది నాకు.

అమ్మ తల్లిగారిల్లు కారేపల్లి. బతుకమ్మకు ఆడబిడ్డలు తల్లిగారింటికి పోతారు, అందుకే మా మేనత్తలు మా ఇంటికి వచ్చేవాళ్ళు. అమ్మను తోలుకుపోదామని మామయ్య కూడా ఏటా వచ్చేవాడు, ఏటా ఒక్కడే తిరిగి పోయేవాడు. ఒక ఏడు అమ్మమ్మ మంచం పట్టింది. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే మామయ్య స్కూటర్ మీద వచ్చి, "మామా, అమ్మకు బాగలేదు. ఈసారి అక్క చేత్తోనే బతుకమ్మను పేర్పియ్యాలంటాంది" అన్నాడు.

"అవ్, తోల్కపో. తుపాకొక్కటి కడిగి పొమ్మను" అన్నాడు తాత.

అమ్మ అప్పటికే ముందురోజు నుంచి దాంతో కుస్తీ పడుతోంది. మధ్యాహ్నానికి పెచ్చంతా ఊడింది. తాత గొట్టం మూతిలో వేలు పెట్టి తిప్పి చూసుకుని, వేలికి మసి అంటకపోయేసరికి మురిసిపోయాడు. అమ్మ స్నానం చేసి, కొత్తచీర కట్టుకుని, నాకు జడ వేసింది. ఇక స్కూటర్ ఎక్కుతామనగా తాతకు మామయ్య ముందు గొప్ప చూపించుకోవాలనిపించింది. "అల్లుడా, మా తుపాకి ఎట్ల మోగుతదో ఇని పో" అని మందు కూరి ఆకాశంలోకి పేల్చాడు. కోళ్ళు చెదిరిపోయాయి, మేనత్తలు చెవులు మూసుకుని నవ్వారు. పొగ పోయాక తాత మళ్ళీ గొట్టం మూతిలో వేలు పెట్టి చూసుకున్నాడు.

"మసి పట్టింది కోడలా. కడిగి పో."

"పొద్దుగూకుతది మామా" అంది అమ్మ.

"నీళ్ళు జల్దీనే కాగుతయ్ తియ్యి."

మా నాన్న అక్కడే ఉండి చెప్పులు వెతుక్కున్నాడు. అమ్మ లోపలికి పోయి, కొత్తచీర విప్పి పాతది చుట్టుకుని వచ్చి పొయ్యి ముట్టించింది.

మేము కారేపల్లి చేరేసరికి ఆడవాళ్ళు బతుకమ్మలను చెరువులో వదిలి ఖాళీ తాంబాళాలతో ఎదురొస్తున్నారు. అమ్మమ్మ మంచం పక్కన తంగేడు పూలు బుట్టలోనే వాడిపోయి ఉన్నాయి. అమ్మమ్మ అమ్మ చేయి పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందే బిడ్డా, పండుగపూట గీ వాసన" అంది. ఆ తర్వాత అమ్మమ్మ ఇంకో బతుకమ్మను చూడలేదు.

తాత పోయాడు. ఓట్లప్పుడు రూలు ప్రకారం ఠాణాలో అప్పజెప్పిన తుపాకిని ఎవరూ వెనక్కి తెచ్చుకోలేదు. మంచెలు లేవు, చేల చుట్టూ కరెంటు తీగలు వచ్చాయి, గునుగు పూలు కూడా బజార్లో కొనుక్కుంటున్నాం. చిన్నాయన కొడుకులు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా, మా తాత తుపాకి అద్దం లెక్క మెరిసేది అని మీసాలు దువ్వుకుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది. అది పోయినందుకు నాకు వీసమెత్తు విచారం లేదు.

గేటు ముందు చెత్త ఎత్తిపోసి, సబ్బుతో మోచేతుల దాకా తోముకుని లోపలికి వచ్చాను. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. మామయ్య కూడా నిరుడు పోయాడు. కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న అమ్మతో, "వచ్చే బతుకమ్మకు కారేపల్లి పోదామా అమ్మా? తొమ్మిది రోజులూ ఉండి వద్దాం, ఇప్పుడు అడ్డుపెట్టేవాళ్ళు ఎవరున్నరు" అన్నాను.

అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, "తోల్కపోనీకి ఎవరొస్తరు బిడ్డా" అంది.