గోడ మీద కంపెనీ వాటా

మా పక్కింటి మామ్మగారు పోయారు. నేను రైసు మిల్లులో లెక్కలు చూసుకుంటుంటే మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్న కాఫీ తాగి, వరండాలో కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారట. నాకు ఏడుపు రావడానికి ముందు ఇంకొకటి వచ్చింది. "అమ్మయ్య, ఇంక ఆవిడకి చెప్పక్కర్లేదు" అనిపించింది. అలా అనిపించినందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రామచంద్రపురంలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. మామ్మగారు హిందీ టీచరుగా చేసి రిటైరయ్యారు. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఉండేవి. కాయలు దింపే మనుషులు తోటలకైతే వస్తారు గానీ నాలుగు చెట్ల కోసం ఎవరొస్తారు? ఎండుకాయలు వాటంతటవే దబ్బుమని రాలేవి. అందుకని ఆవిడ బట్టలు ఆరేయడానికి వెళ్ళినా నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని వెళ్ళేవారు. నేను చూసి నవ్వితే, "నవ్వకమ్మా, బండి లేకపోయినా హెల్మెట్టు ఉండాలి" అనేవారు.

ఆ గిన్నె పుణ్యమా అని నేనొక కంపెనీ పెట్టాను. రాజమండ్రిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో స్టార్టప్ పోటీ జరిగింది. శుక్రవారం సాయంత్రం ముక్కూమొహం తెలియనివాళ్ళు అక్కడ చేరాలి, ఆదివారం సాయంత్రానికల్లా కలిసి కంపెనీ పెట్టేయాలి. నా వంతు వచ్చినప్పుడు గిన్నె సంగతి చెప్పాను. హాలంతా నవ్వింది, ఓట్లు పడ్డాయి. పెద్దాపురం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, పిఠాపురం నుంచి ఫార్మసీ లెక్చరరు ఒకావిడ, రాజమండ్రిలోనే బట్టల షాపు నడిపే ఆయన, నేను ఒక బల్ల చుట్టూ చేరాం. ఫోన్లో నొక్కితే దింపు మనిషి ఇంటికి వస్తాడు, అదీ మా కంపెనీ.

శనివారం మెంటర్లు మమ్మల్ని బయటికి తోలారు, జనాన్ని అడిగి రమ్మన్నారు. మన గోదావరి జిల్లాలవాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్ళని మొహం మీద కాదనరు. "చాలా బాగుందండి, తప్పకుండా వాడతామండి" అని మజ్జిగ ఇచ్చి పంపారు. మూడో అంతస్తులో కుండీలు తప్ప చెట్టే లేని ఆయన కూడా తప్పకుండా అన్నారు. ఆ తప్పకుండాలన్నీ కూడి గ్రాఫు గీసి తెర మీద వేశాం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి ఆ మాటకి అర్థం మా నలుగురికీ తెలుసు. హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జీలకే తెలియదు. మేమూ చెప్పలేదు.

తప్పకుండా అననిది మామ్మగారొక్కరే. నేను ఫోన్లో అంతా చెప్పాక, "ఎప్పుడు పంపుతావు?" అన్నారు. యాప్ ఇంకా బొమ్మల దశలోనే ఉంది. మా మిల్లు లారీ డ్రైవరుని బతిమాలితే, ద్రాక్షారం దగ్గర తోటల్లో కాయలు దింపే తన బావమరిదిని ఆదివారం పొద్దున్నే పంపించాడు. అతను చెట్టెక్కుతుంటే మా అమ్మ వీడియో తీసింది. అందులో మామ్మగారు నెత్తి మీది గిన్నె తీసి చూపిస్తూ, "కంపెనీ మనిషి వచ్చాడండి. ఇంక దీంట్లో పప్పు వండుకుంటాను" అన్నారు. హాల్లో చప్పట్లే చప్పట్లు. అది మా యాప్‌కి వచ్చిన మొదటి ఆర్డరని మైకులో చెప్పింది నేనే. రెండో బహుమతి ఇచ్చారు.

ఆ రాత్రికే మా కంపెనీ అయిపోయింది. పెద్దాపురం అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. మిగతా ఇద్దరూ కొన్నాళ్ళు వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు పెట్టి ఊరుకున్నారు. నేను సోమవారం మిల్లుకి వెళ్ళిపోయాను.

రెండు నెలలకి మామ్మగారి దగ్గర నుంచి ఫోను. "అమ్మాయ్, కాయ ముదిరింది. మీ కంపెనీ మనిషిని పంపుతావా?" కూర చేబదుళ్ళ నుంచి ఊళ్ళో కబుర్ల దాకా అన్నీ గోడ మీంచే మాట్లాడే మనిషి, దీనికి మాత్రం ఫోన్ చేసేవారు. ఇదేంటండి అంటే, "కంపెనీతో పని కంపెనీ పద్ధతిలోనే ఉండాలి" అన్నారు. కంపెనీ లేదండి అని చెప్పడానికే నోరు తెరిచాను. "రేపు పంపుతానండి" అని వచ్చింది. మళ్ళీ డ్రైవరు, మళ్ళీ బావమరిది. దింపు అయ్యాక ఆవిడ రెండు కాయలు తెచ్చి గోడ మీద పెట్టారు. "ఇది కంపెనీ వాటా." ఆ కొబ్బరితో అమ్మ చేసిన పచ్చడి నేను ముట్టుకోలేదు.

అలా మూడేళ్ళు నడిచింది. పేరంటాలకి వెళ్తే, "మా వీధిలో కంపెనీ పెట్టిన పిల్ల" అని నన్ను చూపించేవారు. ఒకసారి ఒకావిడ మాకూ మనిషిని పంపమని అడిగితే, "మీ వైపు ఇంకా సర్వీసు లేదండి" అన్నాను. మామ్మగారు నావైపు ఓసారి చూసి, "నెమ్మదిగా పెరుగుతుందిలే, తొందరేంటి" అన్నారు. నాకు అక్కడి నుంచి లేచి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది.

ఒక వేసవిలో విసుగొచ్చి ఆవిడ ఫోను ఎత్తడం మానేశాను. వారం తిరిగాక చూద్దును కదా, పెరట్లో మామ్మగారు బట్టలు ఆరేస్తున్నారు, నెత్తిన గిన్నె. నన్ను చూసి గబుక్కున తీసేశారు. తీసి వెనక దాచుకున్నారు. "కంపెనీవాళ్ళకి ఎన్ని పనులుంటాయో" అన్నారు. సిగ్గుపడాల్సింది నేనైతే ఆవిడ పడ్డారు. ఆ సాయంత్రమే మనిషిని పంపాను. నిజం మాత్రం అప్పుడూ చెప్పలేదు.

ఆవిడ పోయాక, పదకొండో రోజున వాళ్ళమ్మాయి గోడ దగ్గరికి వచ్చి, "అమ్మ చెప్పే కంపెనీ మీదేగా. రేపటికి కాయలు కావాలి, కాస్త పంపరూ" అంది. బావమరిది వచ్చాడు. నాలుగు చెట్లూ దింపి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే అన్నాను. "ఇంక ఈ ఇంటికి నేను చెప్పక్కర్లేదు. నీ నంబరు వాళ్ళకి ఇచ్చెయ్యి."

"ఆయ్, నేను ఎప్పుడో ఇస్తానన్నానండి. మామ్మగారే వద్దన్నారు."

"ఎందుకని?"

"మొదటిరోజే అడిగారండి, మీది ఏ కంపెనీ బాబూ అని. కంపెనీ ఏంటండి, మా బావ పంపితే వచ్చానన్నాను. నవ్వేసి, ఆ అమ్మాయితో అనకు అన్నారు. రెండోసారి వచ్చినప్పుడు, నాకే ఫోన్ చెయ్యండి, మధ్యలో ఆ అమ్మాయిగారెందుకు అన్నానండి. 'ఈ పిల్ల ఎప్పటికైనా పెడుతుందయ్యా. అప్పటిదాకా ఒక్క కస్టమరైనా ఉండాలి కదా' అన్నారండి."

అతను కాయలన్నీ వరండాలోకి చేరవేసి, పోతూ పోతూ రెండు వెనక్కి తెచ్చి గోడ మీద పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టాడో, ఆవిడ చెప్పి ఉంచారో అడగలేదు.

కార్యక్రమాలయ్యాక వాళ్ళమ్మాయి ఇంటికి తాళం వేసి వెళ్ళింది. స్టీలు గిన్నె పెరటి దండెం కింద బోర్లించే ఉంది. ఆ రెండు కాయలూ గోడ మీదే ఉన్నాయి. అమ్మ రెండుసార్లు అడిగింది, లోపలికి తేనా అని. వద్దన్నాను. నిన్న ఒకటి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాను. లోపల నీళ్ళు కదిలాయి. మళ్ళీ తీసినచోటే పెట్టేశాను.