కాలని వత్తి

మా మేనత్త పోయిందన్న కబురు బస్సు కండక్టర్ తెచ్చాడు. తిరుమలగిరి బస్సును కాలేజీ గేటు దగ్గర ఆపించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ అత్తమ్మ పొద్దుగాల పోయిందంట బిడ్డా. మీ బాపు చెప్పమన్నడు. గిదే బస్సు మళ్ళ తిరిగిపోతది, స్టాండు కాడికి రా" అన్నాడు.

ఆమె ఆయాసం మాకు కొత్త కాదు. ఏడాదిగా గడప దాటినా గోడ పట్టుకునేది. అయినా ఆ మాట వినగానే నా చెవిలో మోగింది ఆమె దగ్గు కాదు, అరుపు. "ఊడ్వకుండ్రి!" బస్సులో కూర్చున్నంతసేపూ అదే. కిటికీ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కలం రెండుసార్లు పక్కన పెట్టి లేచాను.

మా మామ పట్నంలో రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. సిమెంటులో ఒక రకం నార కలిపి ఇంటి కప్పులకు రేకులు చేసేవారక్కడ. పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా ఇంటికి వచ్చేవాడట. ఆ బట్టలు దులిపి, బండమీద బాది ఉతికింది అత్తమ్మే. కొన్నేళ్ళకు ఊపిరి అందక, దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి ఆయన పోయాడు. అత్తమ్మ మా ఇంటికి వచ్చేసింది. ఆ దుమ్ము గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేది: "నాకు ఎక్కువ తెల్వదు. ఎగిరేది చూసిన. ఎగిరింది ఏడ కూసుంటదో చూసిన."

నేను బడిలో ఉన్నప్పటి మాట. మా ఊరి చివర నైజాం కాలంనాటి ఆముదపు మిల్లు ఉండేది. బాయిలరు చల్లారి చాలా ఏళ్ళయింది. వానకు బడి కప్పు కూలితే, పిల్లలను ఆ మిల్లులోకి మార్చాలనుకున్నారు. కార్తీక పున్నమి ఇంకా కొన్ని రోజులుందనగా తల్లులంతా చీపుళ్ళు పట్టుకుని శుభ్రం చేయడానికి వెళ్ళారు. మా అమ్మ వెళ్ళింది. బల్లలు మోయడానికి నేనూ వెళ్ళాను. వద్దన్నా వినక మా చెల్లె వెంటపడింది.

ఆవిరి గొట్టాలకు గట్టి పూత ఒకటి ఉండేది. బూజు దులుపుతుంటే చీపురు కర్ర తగిలి అది పెచ్చు లేచింది. లోపలినుంచి తెల్లగా, దూదిలా ఏదో వేలాడింది. వత్తులు చేసే రోజులు కదా, చేతులు ఊరుకుంటాయా? ఒకామె దాన్ని పిడికెడు పీకి, అరచేతుల మధ్య నలిపి వత్తి చేసింది. మిల్లు మూలన మిగిలిన ఆముదపు జిడ్డులో ముంచి వెలిగించింది. నూనె కాలింది. వత్తి కాలలేదు.

"అమ్మో! గిది దేవుడిచ్చిన వత్తే!"

"ఇగ వత్తులు చేసుడు బంద్. మా అత్త నోరు గూడ బంద్" అని ఇంకొకామె నవ్వింది.

అంతే, అందరూ గొట్టాల మీద పడ్డారు. గవాక్షంలోంచి పడే ఎండలో తెల్లటి నలుసులు తేలుతున్నాయి. అమ్మ కొంగులో ముడి వేసుకుంది. చెల్లె అరచేతిలో కాస్త పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదుతోంది.

అప్పుడే అత్తమ్మ అందరికీ తాగడానికి మంచినీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. చెల్లె చేతిలోది లాక్కోలేదు, దులపలేదు. ఆ చేతిని మోచేతిదాకా బిందెలో ముంచేసింది.

"మంచినీళ్ళల్ల చెయ్యి పెడ్తవా వదినె! నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది అమ్మ.

"ఊడ్వకుండ్రి! చీపుర్లు ఆడనే పెట్టుండ్రి. కొంగులు దులుపకుండ్రి, మెల్లగ బయటికి రాండ్రి."

ఆ గొంతు మేమెన్నడూ వినలేదు. అందరూ వచ్చారు. మిల్లు బావి దగ్గర కట్టుబట్టలతోనే స్నానాలు చేయించింది. పెద్ద పంతులుగారు సాయానికి కూలీలను పిలుస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. "పది మంది ఎందుకు సారూ పీల్చుడు? నా లోపట గా దుమ్ము ఎట్లాగూ ఉన్నదే."

పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ళ సాంపి చల్లి కదా మన ఆడవాళ్ళు ఊడుస్తారు. ఆమె కూడా అలాగే, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, గుమ్మంనుంచి లోపలికి చేత్తో నీళ్ళు చల్లుకుంటూ వెళ్ళింది. దుమ్ము మెత్తబడేదాకా ఆగింది. రాలినదంతా తడితడిగా తీసి, తడిపిన గోనెసంచుల్లో మూతి కట్టింది. మిల్లు వెనక లోతుగా గుంత తవ్వించి పూడ్పించింది. పంతులుగారు తలుపుకు తాళం వేసి ముళ్ళకంప కట్టించారు. బడి చింతచెట్ల కింద నడిచింది.

కానీ స్నానాల్లోనూ విప్పని కొంగు ముళ్ళలో కొన్ని వత్తులు అప్పటికే ఇళ్ళకు చేరాయి. మర్నాటినుంచి అత్తమ్మ కాలు నిలవలేదు. ఒక చేతిలో తడి గోనె, ఇంకో చేతిలో తాను చేసిన దూది వత్తులు. ఇంటింటికీ వెళ్ళి ఇది తీసుకుని అది ఇమ్మని అడిగింది.

"దేవునికిచ్చింది వాపస్ అడుగుతవా?"

"దేవుడు దగ్గడు. మీ పోరలు దగ్గుతరు" అనేది.

తిట్టినవాళ్ళు కూడా చివరికి ఇచ్చారు. మా ఇంట్లోనే రాలేదు. అమ్మ దాన్ని దేవుడి పటం వెనక దాచింది. చెల్లె పడుకునేది ఆ గదిలోనే. అత్తమ్మ మాట పెంచలేదు గానీ వాకిట్లోనే తిన్నది, వాకిట్లోనే తిరిగింది. కూర్చునేది, లేచేది, గదివైపు చూసేది. బాపు, "జర కూసో అక్కా" అంటే, "పిల్ల ఆడ పండుకుంటుంటే నేనేడ కూసోవాలెరా?" అంది.

పున్నమి సాయంత్రం అమ్మ ప్రమిదలో ఆముదం పోసి, ఆ వత్తి వేసింది. అగ్గిపెట్టె కోసం తిరిగేలోపల చెల్లె వంగి, వత్తి కొసను వేళ్ళతో విప్పి, బుగ్గలు ఉబ్బించింది.

అమ్మ ఒక్క ఉదుటున చెల్లె నోరు మూసింది. పక్కనున్న చెంబు ఎత్తి ప్రమిదలో నీళ్ళు పోసింది. పండుగపూట, దేవుడి ప్రమిదలో! తర్వాత బయటికి వినబడేలా, "వదినె, నీ గోనె పట్టుకరా" అంది.

అత్తమ్మ తెచ్చింది. కొంగు ముడి విప్పి ఒక దూది వత్తి అమ్మ చేతిలో పెట్టింది. ఆ పూట ఆమె గదిలో కూర్చుని తిన్నది.

కాలేజీకి వచ్చాక నాకు నిఘంటువులు తిరగేసే పిచ్చి పట్టింది. ఒకరోజు 'రాతినార' అన్న మాట కనబడింది: నిప్పుకు కాలని నార, ఆస్‌బెస్టాస్. మామ రేకుల్లో కలిపిందీ, మిల్లులో రాలిందీ అదే. రాయిలోంచి తీసే నార! ఇంత చక్కటి పేరు అంత చెడ్డదానికి ఎవరు పెట్టారో! సెలవులకు వెళ్ళినప్పుడు అత్తమ్మకు చెప్పాలనుకున్నాను. చెబితే ఏమనేదో! "పేరు సల్లగుండ, తడిపినంకనే ముట్టు బిడ్డా" అనేదేమో. ఆమె ఊపిరిని తిన్నది మామ బట్టల దుమ్మో, మిల్లు దుమ్మో తేల్చే చదువు నాకింకా రాలేదు. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేను ఇల్లు చేరేసరికి ఆమె తల పెట్టిన చోట దీపం పెట్టారు. దినాలు అయ్యేదాకా అది ఆరకూడదు. కార్తీకం పోయినా గాలి ఆగలేదు. పరామర్శకు వచ్చిన ఒకామె దీపం వైపు చూసి, "ఆ కాలని వత్తి ఉంటే మంచిగుండు" అని నిట్టూర్చింది.

అమ్మ కాలిపోతున్న వత్తిని పుల్లతో ఎగదోసి, ఒళ్ళోని దూది తీసి, ఇంకొకటి చేయడం మొదలుపెట్టింది.