ఇల్లీ అంటే ఇల్లు కాదు

జనవరి రెండో ఆదివారం. కందిపప్పు ఎండబెట్టడం అయింది. రజాయిలు మేడ మీద ఆరేయడం అయింది. గ్యాస్ పొయ్యి కడగడం అయింది. క్యాబేజీ కుండీలో పురుగులు ఏరడం... చేయలేదు. నాలుగు చలికాలాలుగా చేయడం లేదు.

ఎందుకో ఈరోజు చెప్పాలనిపించింది...

మా చిన్నప్పుడు హిందీ రాష్ట్రంలో, సోనారిలో మా కంపెనీ క్వార్టర్ వెనక పెరడంతా క్యాబేజీయే. చలి ముదరగానే తెల్ల సీతాకోకచిలుకలు వచ్చేవి. రెక్కల కొసల్లో కాస్త నలుపు, మిగతాదంతా అప్పుడే సున్నం వేసిన గోడంత తెలుపు.

"దాల్మా కొండ మీద సలెక్కువైపోతే కిందకి దిగొత్తాయే అవి. తోలకండి," అనేది అమ్మ.

ఆ ఏడు నేను ఐదో తరగతి. మా చెల్లి చిన్ని రెండో తరగతి. జామచెట్టు మీంచి పడి కాలికి పిండికట్టు వేయించుకుంది. పగలంతా వెనక వరండాలో మడతమంచం మీదే. దానికున్న ఒకే ఒక్క కాలక్షేపం ఆ సీతాకోకలు...

"అక్కా, నిన్న తొమ్మిదొచ్చినాయి. ఈయాల ఐదే. ఏటయిపోనాయే?"

"నీ కట్టు ఇప్పే రోజుకి పెరడు నింపేత్తాను, సూడు," అని మాటిచ్చేశాను.

నా ఆలోచన నాకుంది. ఆకుల నిండా పురుగులు... పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు. గుంపుగా చేరి ఆకుని జల్లెడ చేసేసేవి. ఇలా పాడైపోయిన తోటకి సీతాకోకలు ఎందుకొస్తాయి? పురుగులు పోతే అవే వస్తాయి అనుకున్నాను.

రోజూ బడికి వెళ్లేముందు ఏరి, కిరసనాయిలు కలిపిన నీళ్ల డబ్బాలో వేసేదాన్ని. ఒక్కో పురుగుకి తలుపు వెనక బొగ్గుతో ఒక్కో గీత. ఆకు అడుగున ఆవగింజల్లా అంటుకున్న పచ్చటి గుడ్లు కూడా గోటితో గీకేసేదాన్ని.

సీతాకోకలు ఇంకా తగ్గాయి. నేను ఇంకా పొద్దున్నే లేచాను...

ఇక్కడ బడి సంగతి చెప్పాలి. మాది హిందీ బడి. సైన్సు దీదీ మా చేత వల్లె వేయించేది... "అండా, ఇల్లీ, ప్యూపా, తిత్లీ!" అండా అంటే గుడ్డు, తిత్లీ అంటే సీతాకోక, తెలుసు. ఇల్లీ అంటే మన ఇల్లే అనుకున్నాను. హిందీవాళ్లు కాస్త సాగదీస్తారు కాబోలు... గుడ్డులోంచి వచ్చి, ఇల్లు కట్టుకుని, అందులో పడుకుని సీతాకోక అవుతుంది! పరీక్షలో నాలుగు మాటలూ వరసగా రాస్తే పూర్తి మార్కులు వేశారు. బొమ్మ గీయమని ఉంటే పెంకుటిల్లు గీసి ఉండేదాన్ని.

ఒకరోజు పొద్దున్న చిన్ని కేక పెట్టింది.

"అక్కా! బేగి రాయే! నా పురుగు తిత్లీ అయిపోనాది!"

నాకు తెలియకుండా ఒక పురుగుని ఆకుతో సహా ఖాళీ పచ్చడి సీసాలో దాచింది. పైన గుడ్డ కట్టింది. అది సీసా గోడెక్కి, నడుముకి దారం చుట్టుకుని, గుల్లలా బిగుసుకుపోయిందట. చచ్చిపోయిందనుకుందట.

ఆ గుల్ల ఇప్పుడు పగిలి ఉంది. పక్కన తడి రెక్కలతో వేలాడుతోంది... తెల్ల సీతాకోక.

నా చేతిలో డబ్బా ఉంది. ఆ పొద్దుటి పురుగులు అందులో తేలుతున్నాయి.

ఇల్లీ అంటే ఇల్లు కాదు. ఇల్లీ అంటే ఇవి.

అమ్మ పరుగెత్తుకొచ్చి సీసా చూసింది, డబ్బా చూసింది. "ఓలమ్మా... ఇదేటే!" అంటూ డబ్బా లాక్కుంది. తోలకండి అన్న అమ్మకీ తెలియదు! ఆ రోజు మా ఇంట్లో క్యాబేజీ వండలేదు.

చిన్ని ఏడవలేదు. మంచం మీంచి తలుపు వెనక గీతల వైపు వేలు చూపించింది.

"ఎన్నే అవి?"

"నూట నలభై ఆరు."

"అన్నీ తిరిగిచ్చీ నాకు."

కట్టు విప్పిన రోజున పెరట్లో ఒక్కటీ ఎగరలేదు...

ఇప్పటికీ ఆ డబ్బా కళ్ల ముందుకొస్తుంది. నాలుగేళ్ల కిందట మా మేడ మీద క్యాబేజీ కుండీ పెట్టాను. పురుగులకి వదిలేశాను. పిట్టలు తిన్నవి, ఎండిపోయినవి లెక్కలోకి రావు. గోడకి అంటుకున్న ఖాళీ గుల్లలే లెక్క. ఒక్కోటీ పుస్తకంలో రాసుకుంటాను. మా ఆయన నవ్వుతారు... నవ్వనీ.

ఈ పొద్దున్న నూట నలభై ఆరోది ఎగిరింది. చిన్నికి ఫోన్ చేశాను. అది ముక్కు ఎగబీల్చి, "మరి వడ్డీయో?" అంది.

మా పాత క్వార్టర్ పెరట్లో ఇప్పుడు సిమెంటు చేసి స్కూటర్లు పెడుతున్నారు. దాల్మా కొండ అక్కడే ఉంది... దిగి వచ్చేవాటికి ఆకేదీ?

ప్రేమతోనే చేసి, తర్వాత గుండె ఆగిపోయేంత తప్పని తెలిసిన పని మీకూ ఉందా? ఉంటే కింద రాయండి. నేను ఒక్కదాన్నే కాదని తెలుస్తుంది...

పుస్తకంలో ఈరోజు ఆఖరి వరస: చిన్నికి ఇవ్వాల్సినవి నూట నలభై ఆరు. ఇచ్చినవి నూట నలభై ఆరు. చెల్లు.