అందరూ కూర్చున్నాకే

మా పాత జీపుకి బ్రేకు లైటు మాటిమాటికీ పోయేది. మెకానిక్కు మమ్మల్ని దింపి చూస్తే మాత్రం భేషుగ్గా వెలిగేది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక స్కూటరు వెనకనుంచి గుద్దినప్పటినుంచి, వెనక సీట్లో అమ్మ దారంతా బిక్కుబిక్కుమంటూ కూర్చునేది.

ఒకరోజు నాంపల్లి స్టేషన్ ముందు జీపు ఆపగానే, రేకు పెట్టె మీద కూర్చున్న ఓ పెద్దాయన లేచి వచ్చాడు.

"బ్రేకేస్తే మీ లైటు వెలుగుతలేదు."

చూపిద్దామని, అలవాటుగా అమ్మని దిగమన్నాను.

"దిగకుండ్రి! గట్లనే కూసోండ్రి."

సీటు కింద తడిమాడు. అమ్మ కూర్చుంటే సీటు కడ్డీ కింద బ్రేకు లైటు వైరు నలుగుతోంది. దాన్ని పక్కకి లాగి, తన పెట్టె తాడులోంచి ఒక ముక్క కోసి కట్టేశాడు.

"ఇగ ఫికర్ లేదమ్మా."

ఆ తాడు జీపు అమ్మేదాకా అలాగే ఉంది. ఆరోజు మాత్రం, అబిడ్స్ చేరకముందే అమ్మ నిద్రపోయింది.