జొన్నల గంపలో కెమెరా

పెరుగమ్మే మనిషి పనితనం మాటల్లో తెలియదు, కుండలో తెలుస్తుంది. దారిలో కుండ కదిలిందంటే గడ్డ పగిలి నీళ్లు వదులుతుంది, కొనేవాళ్లు మూతి తిప్పుకుంటారు. మాదాపూర్ బుచ్చమ్మ ముప్పయ్యేళ్లపాటు రాళ్లగుట్టల నడుమ నుంచి యూసుఫ్‌గూడ దాకా పెరుగు మోసింది. చేతులు రెండూ ఊపుకుంటూ, ఎదురైన వాళ్లందరినీ పలకరిస్తూ, పాత తగాదాలుంటే అవి కూడా నడుస్తూనే తేల్చుకుంటూ పోయేది. నెత్తి మీది కుండ మాత్రం గూట్లో పెట్టినట్టు ఉండేది.

అలాంటి మనిషి పంతొమ్మిది వందల డెబ్భై రెండు ఆషాఢంలో, బోనాల నాడు, పోచమ్మ గుడి ముందు దారిలో పరుచుకున్న నల్లబండ దగ్గర బోనం కింద పడేసింది. అమ్మవారికని వండిన అన్నం మట్టిపాలైంది, పైనున్న దీపం ఆరిపోయింది. ఊరేగింపులో ముందు నడిచే బోనం ఎప్పుడూ బుచ్చమ్మ ఇంటిదే. ఊరి పెద్ద పోచయ్య అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

"బుచ్చక్క కాళ్లల్ల బలం పోయింది. వచ్చేడు కోడలు ఎత్తాలె."

తప్పు కాళ్లది కాదు, కొడుకు ముచ్చటపడి కొన్న కొత్త ఇత్తడి బిందెది. మట్టికుండ అడుగు నెత్తి మీది చుట్టబట్టను పట్టుకుని కూర్చుంటుంది, నున్నటి ఇత్తడి జారుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో వాళ్లు "ఆడలేక మద్దెల ఓడన్నదట" అని నవ్వారు. ఆ నవ్వు బుచ్చమ్మకు ఏడాది పొడుగునా ముద్ద మింగుడు పడనివ్వలేదు. పెరుగు కుండ మోయడానికి పనికొచ్చే కాళ్లు అమ్మవారి బోనానికి పనికిరావా? ఎవరిని అడగాలి ఈ మాట?

మరుసటేడు బోనాలకు ముందురోజు ఊళ్లోకి సర్కారు జీపొకటి వచ్చింది. అందులోంచి భీమేశ్వరరావు అనే కోస్తా ఆయన దిగాడు. బోనాల ఊరేగింపును సినిమా తీయడానికి వచ్చాడు. ఆడవాళ్ల ముఖాలు, నెత్తి మీది దీపాలు ఎదురుగా కనిపించాలి, వాళ్లు నడుస్తుంటే కెమెరా కూడా ముందు ముందుకు సాగాలి. ఇంతకుముందు తీసిన రెండు రీళ్లూ భూకంపం వచ్చినట్టు ఊగాయట. ఈసారీ ఊగితే కెమెరా అప్పజెప్పి రికార్డు గదిలో కూర్చోమన్నారట పైవాళ్లు.

పాపం, ఆ పూటే ఆయన అన్నీ చేసి చూశాడు. ఎడ్లబండి ఎక్కి తీద్దామంటే ఆ రాళ్లదారిలో బండి ఎగిరెగిరి పడింది. మద్రాసు నుంచి తెప్పించిన కట్టె చట్రం భుజానికి తగిలించుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా కెమెరా కూడా ఊపిరి తీసింది. చివరికి కెమెరా చేతబట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. నడిచి నడిచి బర్రెలు పొర్లే బురదలో వెల్లకిలా పడ్డాడు. కెమెరాను మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

అరుగు మీద కూర్చున్న బుచ్చమ్మ ఏడాది తర్వాత మొదటిసారి కడుపుబ్బా నవ్వింది. నవ్వి, చెయ్యిచ్చి లేపింది.

"ఏంది సారూ, వీపుకు కండ్లున్నయా ఎనుకకు నడుస్తున్నవ్? గా మిషిను నెత్తి మీద పెట్టుకుంటే అయిపాయె. నువ్వు ముందలికి నడువు, అది ఎనుకకు సూస్తది."

భీమేశ్వరరావు బురద తుడుచుకోవడం మరిచిపోయాడు. "నా నెత్తి మీద నిలవదండి," అన్నాడు.

"నీ నెత్తి ఎవరడిగిన్రు?"

లోపలికెళ్లి గంప తెచ్చింది. ఉత్త గంపలో కెమెరా పెట్టి నడిస్తే అటూ ఇటూ ఊగింది. "ఒట్టి కుండనే ఊగుతది, నిండుకుండ తొణకది," అంటూ ఇసుక పోయబోయింది. ఇసుక రేణువు లోపలికి పోతే కెమెరా చచ్చిపోతుందని ఆయన కేక పెట్టాడు. అప్పుడు జొన్నలు చెరిగి, దుమ్ము పోగొట్టి గంప నిండా పోసింది. అందులో కెమెరాను సగం దాకా కూరారు. అడుగు పడ్డప్పుడల్లా గింజలు కాస్త సర్దుకుని ఆ అదురును మింగేశాయి. గంప బరువుకు నడక మరింత నిమ్మళించింది.

తెల్లారి పోచయ్య అడ్డం తగిలాడు. "పోయినేడు బోనం పడేసిన మనిషి. సర్కారు మిషిను గిట్ల పడేస్తే ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

"పడితే పోయేది నా ఉద్యోగమండి, మీ ఊరి పరువు కాదు," అన్నాడు భీమేశ్వరరావు. "ఆవిడే నడవాలి."

డప్పులు మోగాయి. కోడలు భాగ్యమ్మ బోనంతో కదిలింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు. వాళ్లకు పది అడుగుల ముందు బుచ్చమ్మ, నెత్తిన వెనక్కి చూస్తున్న కెమెరా. దానికి చావి ఇస్తే అర నిమిషం తిరిగేది. ఆగినప్పుడల్లా భీమేశ్వరరావు డప్పులు ఆపించి మళ్లీ చావి ఇచ్చేవాడు. బుచ్చమ్మ నల్లబండ దగ్గరికి వచ్చింది. 'అమ్మా, పోచమ్మా, ఇయ్యాల నీ బోనం కాదు గని, నా మానం మోస్తున్న' అనుకుని అడుగు వేసింది. దాటింది. ఊరేగింపు అయ్యాక ఆ జొన్నలతోనే రొట్టెలు కొట్టి భీమేశ్వరరావుకు కడుపునిండా పెట్టింది.

దసరా దాటాక జీపు మళ్లీ వచ్చింది. బడి కిటికీలకు గోనెసంచులు కట్టి, గోడకు తెల్లబట్ట పరిచి సినిమా వేశారు. ఊరంతా అక్కడే ఉంది. దీపాలు నిటారుగా, ముఖాలు నవ్వుతూ, బొమ్మ కాలవలో నీళ్లలా సాగిపోయింది. ఎవరికి వాళ్లు తమను చూసుకుని కేకలు పెట్టారు. అంతలో తెర కింది అంచు నుంచి నల్లబండ పైకి వచ్చింది. బొమ్మ దాన్ని దాటింది, వెంట్రుకవాసి కూడా అదరలేదు. మరో పది అడుగులకు భాగ్యమ్మ అదే బండ మీద తూలింది. దీపం ఒరిగింది. గదిలో అందరూ "అయ్యయ్యో" అన్నారు. భాగ్యమ్మ తమాయించుకుంది.

"బుచ్చక్క ఏది? ఏడా కనవడ్తలేదు?" అన్నాడు పోచయ్య.

"మీరు చూస్తున్నదంతా ఆవిడ నడకేనండి," అన్నాడు భీమేశ్వరరావు. "బండ దాటింది ముందు ఆవిడే."

పోచయ్య మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశారు. బండ దగ్గర ఈసారి అందరూ బొమ్మ అదురుతుందేమోనని చూశారు, అదరలేదు. బుచ్చమ్మ కళ్లు నిండాయి. తాను ఎక్కడా లేని బొమ్మలో ఆమెకు తన రెండు కాళ్లే కనిపించాయి.

భాగ్యమ్మ లేచి అత్త పక్కకొచ్చి కూర్చుంది. "అత్తా, వచ్చేడు బోనం నువ్వే ఎత్తు. నాకు గా బండంటే భయం పట్టుకుంది."

పోచయ్య తల గోక్కున్నాడు. "ఎత్తు బుచ్చక్కా. ఊరంతా సూసింది గదా."

బుచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఎత్తుత. గని మట్టికుండ తేవాలె. ఇత్తడి బిందెల నీళ్లు తోడుకో."